ఒక నంబరు మీద ఇద్దరు

తొంభైల చివర్లో బిలాస్‌పూర్‌లో నా ఉద్యోగం రౌటర్లు చూసుకోవడం. ఆఫీసుల్లోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి దారి చూపించే పెట్టెలవి. మేం వాడిన లింక్-స్టేట్ పద్ధతిలో చిరునామా తీగకు కాదు, పెట్టెకే ఉంటుంది. అందులో ముందు భాగం ఏ ప్రాంతమో చెబుతుంది, తర్వాతది ఆ పెట్టె సొంత నంబరు. ఎన్ని తీగలు తగిలించినా, పీకినా నంబరు మారదు. ప్రతి పెట్టె తన నంబరు వేసి, నా పక్కన ఫలానావాళ్లున్నారని అందరికీ చాటుతుంది. ఆ చాటింపులన్నీ కలుపుకుని ప్రతి పెట్టె ఒక పటం గీసుకుంటుంది. సొంత నంబరు లేనిది పటంలో లేనట్టే.

ఒక శనివారం గతౌరాలో కొత్త పెట్టె పెట్టాం. నేనేదో పెద్ద తెలివైనదాన్నని సిర్గిట్టి ఆఫీసు పెట్టెలోని సెట్టింగులన్నీ దాంట్లోకి దించేశాను. పేరు మార్చాను, తీగల వివరాలు మార్చాను, సొంత నంబరు మార్చడం మాత్రం మరిచాను. ఇక చూడండి తమాషా. ఒకటి చాటినదాన్ని రెండోది కొట్టేసి తన మాట చాటుతుంది. మొదటిది మళ్లీ దాన్ని కొట్టేస్తుంది. అక్కడ ఇద్దరున్నారన్న ఊహే మిగతావాటికి లేదు. సాయంత్రం దాకా తిట్లు తిని, చివరికి ఒక్క అంకె మార్చాను. రెండూ పటంలోకి వచ్చేశాయి.

మర్నాడు పొద్దున నాన్న మంచానికి నవారు బిగిస్తుంటే ఇదంతా నవ్వుతూ చెప్పాను. ఆయన సిర్గిట్టిలో ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే ఒక కార్ఖానాలో పనిచేసి, అది మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్నారు. అక్కడ ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ల ఉండేది. డ్యూటీకి వెళ్తే దాన్ని గేటు దగ్గరి బోర్డుకు తగిలించాలి. అందుకేనేమో, నేను చెప్పింది మా ఇంజినీర్ల కంటే తొందరగా ఆయనకు అర్థమైంది.

"అంకె మార్చీగానే ఇద్దరూ కనబడిపోనారా?"

"వెంటనే."

ఆయన నవారు వదిలేశారు.

"నీకు ఏడేళ్లప్పుడు టైఫాయిడొచ్చింది కదే. నేను నీతో ఆస్పత్రిలో ఉండిపోనాను. ఆ రోజు నా బిళ్ల తగిలించి నా డ్యూటీ చేసింది మీ బాబాయే."

బాబాయంటే మంగ్లాలో ఉండే నాన్న స్నేహితుడు, అదే కార్ఖానాలో పనిచేసేవాడు. ఆ రోజే అచ్చు పేలి, కరిగిన ఇనుము మీద పడి పోయాడు. ఆ రోజు ఆయనకు సెలవు, బోర్డు మీద ఆయన బిళ్ల లేదు. తుక్కు దొంగతనానికి దూరాడని కార్ఖానావాళ్లు రాసేశారు. అందరూ నమ్మారు. దొంగ పిల్లలని నేను బాబాయి పిల్లలతో ఆడడం మానేశాను.

"కార్ఖానావాళ్లు అడిగితే నేను డ్యూటీలో లోపలే ఉన్నానన్నాను. నిజం చెప్తే ఉద్యోగం పోద్దని భయం."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లూ ఆ అన్నం ఎలా దిగింది నాన్నా?" అన్నాను. అన్నాక సిగ్గేసింది. ఆ అన్నం తిని చదువుకున్నది నేనే. జ్వరం కూడా నాదే.

ఆ పూటే ఇద్దరం మంగ్లా వెళ్లాం. పిన్ని గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నాన్న నిలబడే అంతా చెప్పారు. ఎవరి దగ్గరికైనా వచ్చి సాక్ష్యం చెబుతానన్నారు. చెప్పడానికి కార్ఖానా లేదు, ఆ బోర్డూ లేదు. ఆమె తలెత్తకుండా, చెయ్యి ఆపకుండా వింది.

"డ్యూటీకెల్తన్నానని నాతో సెప్పే ఎల్లినాడు అన్నయ్యా. ఆయన దొంగ కాడని నాకు ఆ రోజే తెలుసు," అంది.

నాన్న చేతులు జోడించబోయారు.

"నేనెంత సెప్పినా ఇనకండా మా అత్తే ఆళ్ల మాట నమ్మీసింది. కొడుకు దొంగని సిగ్గుపడి సచ్చీదాకా ఎవరింటికీ ఎల్లనేదు. మొన్న మాఘంలో పోయింది. నువ్వు ఆవిడకి సెప్పాల, నాకు కాదు."