ట్యూబ్‌లైటు కింద షమీమ్ ఆపా

స్విచ్ వేయగానే గోడమీది పాత ట్యూబ్‌లైటు రెండుసార్లు మిణుకుమని వెలిగింది. దాని చోక్ సన్నగా జుయ్యిమంటోంది. పద్మారావు నగర్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గది ఇది. మధ్యాహ్నం రెండయింది, చుట్టాలెవరూ ఇంకా రాలేదు. ఈ నెలలో నాకిది పదకొండో పెళ్లి. నడుము లాగేస్తోంది, కెమెరా ఎత్తాలంటేనే విసుగ్గా ఉంది. అయినా ఆ చప్పుడు వినగానే నా బొటనవేలు దానంతటదే షటర్ చక్రం మీదికి పోయి యాభై దగ్గర ఆగింది. ఆ వేలికి అంత భయం నేర్పింది షమీమ్ ఆపా.

పరదా పాటించే ముస్లిం ఇళ్ల పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు వీడియో తీయడానికి ఆడవాళ్లే కావాలి. మోండా మార్కెట్ వెనక సందులో, ఉల్లిపాయల గోదాం మీది గదిలో స్టూడియో పెట్టుకుని ఆపా ఏళ్ల తరబడి అదే పని చేసేది. నేను కాకినాడ నుంచి వచ్చి బోయిన్‌పల్లిలో స్థిరపడిన ఇంటి పిల్లని. డిగ్రీ తప్పి, ఇంట్లో మాటలు పడలేక ఆమె దగ్గర చేరి, అందరిలాగే ఆపా, అంటే అక్కా, అని పిలిచాను. ఆపా పొట్టి మనిషి, మాట కటువు. ఆడవాళ్ల వైపు వీడియోకు ఆమె దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ఒకే ఒక్క కాపీ, అదీ పెళ్లికూతురి తల్లి చేతికి. ఆ తల్లి కళ్ల ముందే మా కార్డులు, కంప్యూటరు అన్నీ ఖాళీ చేయాలి. "మనల్ని నమ్మి ముసుగు తీసి నవ్విన్రు బేటా. ఆ నవ్వు మన తాన మిగలొద్దు," అనేది.

కెమెరాను ఆటో మోడ్‌లో పెడితే జరీ బట్టలు ఎదురైనప్పుడల్లా బొమ్మ చీకటై మళ్లీ తెల్లబడుతుంది. అందుకని అన్నీ చేత్తోనే పెట్టుకునేవాళ్లం. తంటా అంతా అక్కడే. మన కరెంటుతో వెలిగే ఇలాంటి ట్యూబ్‌లైటు కంటికి తెలియకుండా సెకనుకు వందసార్లు మిణుకుమంటుంది. షటర్ యాభై దగ్గరో వంద దగ్గరో, అంటే సెకనులో యాభయ్యో వంతో వందో వంతో తెరిచి ఉంటే, ఆ మిణుకు కెమెరాకూ తెలియదు. అడ్డదిడ్డంగా తిప్పామా, బొమ్మ మీద నల్లటి పట్టీలు పాకుతాయి. "వెలుగు ఎక్కువైతే లెన్స్ అపర్చర్ మూసుకో, షటర్ జోలికి పోకు. హాల్ ఖాళీగ ఉన్నప్పుడే పొయ్యి ఒక్కొక్క లైటు చూస్కోవాలె," అని ఆపా చెప్పేది. నేను ఊ కొట్టేదాన్ని. వరసగా మూడేసి పెళ్లిళ్లున్న వారాల్లో ఎవరు చూస్తారు?

అలాంటి వారంలోనే అది జరిగింది. స్టేజీ మీద లైట్లు కళ్లు చెదిరేలా ఉంటే, వేలికి అందుబాటులో ఉంది కదా అని షటర్ రెండు వందలకు తిప్పేశాను. అవి మిణుకు లేని లైట్లు, బొమ్మ బాగానే వచ్చింది. ఇంతలో పెళ్లికూతురి అమ్మమ్మను ఆస్పత్రి నుంచి ఒక్క పావుగంటకని తీసుకొచ్చారు. పక్క గదిలో ట్యూబ్‌లైటు కింద ఆ పెద్దామె వణికే చేత్తో మనవరాలి తల నిమిరి దువా చదివింది. చిన్న తెర మీద పట్టీలు నాకు కనబడలేదని చెప్పుకోవచ్చు గానీ, కనబడ్డాయి. తెరదే లోపమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అంతగా అలసిపోయి ఉన్నాను. పది రోజులకు ఆ పెద్దామె పోయింది.

స్టూడియోలో ఆ ముక్క చూసి ఆపా కుర్చీ దగ్గరికి లాక్కుంది. పట్టీలు తీసేసే సాఫ్ట్‌వేర్లన్నీ పెట్టి చూసింది. పట్టీలు పలచబడ్డాయి, వాటితోపాటు పెద్దామె ముఖమూ పలచబడింది.

"ట్యూబ్‌లైటు పాతదని చెప్దామా ఆపా?" అన్నాను.

"దానికి నోరు లేదు, ఏమన్న చెప్పొచ్చు. పా, ఆ పెద్దామె బిడ్డ ముందట నువ్వే చెప్పుదువు."

పెళ్లికూతురి తల్లి ఆ ముక్కను రెండుసార్లు చూసింది. తన అమ్మ చెయ్యి తన కూతురి తల మీదికి వచ్చేసరికి సరిగ్గా అక్కడే నల్లటి పట్టీ పాకుతోంది. ఆమె తన వేలితో తెర తుడిచి చూసింది.

"లైటు ఖరాబుండెనా?" అని అడిగింది.

నేను ఆపా వంక చూశాను. ఆపా నేల చూపులు చూస్తోంది.

"లేదండీ. తప్పు నాదే. చూసి కూడా ఊరుకున్నాను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "అమ్మీది ఇదొక్కటే ఉండె," అని మాత్రం అంది. ఎప్పటిలాగే ఆమె ముందే కార్డు ఖాళీ చేసి బయటికొచ్చాం. మెట్లు దిగుతూ ఆపా అంది, "నేను సుత తప్పు చేసిన. నోటితోని చెప్పి ఊకున్న, నిలబడి చూపియ్యలె."

ఆ తర్వాతి పెళ్లి నుంచి, హాల్ ఖాళీగా ఉండగానే ఆపా మోకాళ్లు పట్టుకుని వెళ్లి ప్రతి లైటు కిందా తనే ఐదు సెకన్లు నిలబడేది. "నన్ను చూడు. గీతలొస్తున్నయా?"

"రావట్లేదు ఆపా."

"జెర సక్కగ చూడవే. పరేషానైనవని కండ్లకు సెలవియ్యకు."

ఆరేళ్లు అలాగే నిలబడింది. ఎన్నోసార్లు నాకు చిరాకేసింది. ఆమె మోకాళ్ల నొప్పి చూసి, కుర్చీ పెట్టి తీస్తానంటే వినేది కాదు. కుర్చీకి ముఖం ఉంటదా అనేది.

పోయిన వానాకాలంలో ఆపా చనిపోయింది. నలభై రోజులయ్యాక ఆమె చెల్లెలు ఫోన్ చేసి, "మా అక్క వీడియో ఏదన్న ఉన్నదా నీ తాన?" అని అడిగింది. ఉండకపోవడమేమిటని వెతకడం మొదలుపెట్టాను. కార్డులు, డ్రైవులు అన్నీ తిరగేశాను. ఆపా ముఖాన్ని వందలసార్లు తీశాను, ఒక్క గీత కూడా లేకుండా. తీసిన ప్రతిసారీ ఎవరో ఒక తల్లి ముందు కూర్చుని, ఆ పెళ్లి వీడియోతోపాటే నా చేత్తోనే చెరిపేశాను. లేదని చెప్పి ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

ఇప్పుడీ గదిలో ఎవరూ లేరు. ట్యూబ్‌లైటు కింద, ఆపా ఉంటే నిలబడే చోటికి కెమెరా తిప్పి ఐదు సెకన్లు తీశాను. ఖాళీ గోడ శుభ్రంగా వచ్చింది. పెళ్లి వీడియో ఇచ్చే రోజున, ఈ ఇంటి తల్లి ముందు కూర్చుని దీన్ని కూడా చెరిపేస్తాను.