ఏనుగు పిల్లకు మాటలొచ్చాయి

సెకండ్ షిఫ్టు మార్చుకొని, ఫస్ట్ షిఫ్టు దిగుతూనే మా ఎనిమిదేళ్ళ పాపను పటాన్‌చెరులో మ్యాట్నీకి తీసుకెళ్ళాను. ఏనుగు పిల్ల బొమ్మల సినిమా, రెండో భాగం.

మొదటి భాగంలో ఆ పిల్ల ఒక్క మాటా మాట్లాడదు. తప్పిపోయిన తల్లిని కళ్ళతోనే వెతుకుతుంది. ఆ సీడీ మా ఇంట్లో అరిగిపోయింది. ఈసారి దానికి నోరిచ్చారు. మొదలైన దగ్గర్నుంచి వాగుడే, చచ్చు జోకులు, పది నిమిషాలకో డాన్సు. దొరికి ఇప్పుడు పక్కనే ఉన్న తల్లి వైపు చూసే తీరికే లేదు. రోత పుట్టింది.

నేను ఫ్యాక్టరీలో ఇనుప రేకులు నొక్కే ప్రెస్ షాపులో పనిచేస్తాను, చెవులు పగిలే మోత. ఇయర్ ప్లగ్గులు ఎప్పుడూ జేబులోనే ఉంటాయి. ఇంటర్వెల్ అయ్యాక తీసి చెవుల్లో పెట్టుకున్నాను. అది చూసి పాప చెయ్యి చాపింది.

"నాకు గూడ ఒకటియ్యి డాడీ."

"సిన్మా సూడవా?"

"సూస్త. గది మాట్లాడకుంటెనే మంచిగుంటది."

చెరొకటి పెట్టుకొని, రెండో చెవి వేలితో మూసుకొని చివరిదాకా చూశాం.

పదేళ్ళ సర్వీసులో ఫ్యాక్టరీ గేటు బయట ఆ ప్లగ్గులు వాడింది ఈ రోజే. పిల్లలు అడుగుతున్నారని వెళ్ళేవాళ్ళుంటే ముందే చెప్పండి, స్టోర్స్‌లో అడిగి తలా ఒక జత తెచ్చిస్తాను.