ఎండనపడి వచ్చారు, దయచేయండి!

"మీ కుర్చీలో మేకులేమైనా ఉన్నాయా?"

కొత్త మేనేజరు మా ఆఫీసులో చేరిన రోజున, నలుగురూ వింటుండగా, స్ప్రింగు బాబాయిగారిని అడిగిన ప్రశ్న ఇది. అడగడంలో తప్పు లేదు. పొద్దుటి నుంచి మేనేజరు హాల్లోకి ఆరుసార్లు వచ్చారు. ఆరుసార్లూ బాబాయిగారు నిటారుగా లేచి, గోడగడియారం అదిరేలా, "ఆహా! మేనేజరుగారా! ఎండనపడి వచ్చారు, దయచేయండి!" అన్నారు. మేనేజరు గదికీ హాలుకీ మధ్య ఉన్నది ఎనిమిది అడుగుల నడవా. దానికి పైకప్పు కూడా ఉంది.

"మేకులా? అబ్బే, ఒక్కటుంటే ఒట్టు!" అన్నారు బాబాయిగారు, ఏడోసారి లేచి. "ఉన్నా కంపెనీ మేకులేగా, ఓర్చుకుంటాం."

మేనేజరుకు హాస్యం పడదు. మధ్యాహ్నానికల్లా వడ్రంగిని పిలిపించారు. వడ్రంగి ఆ కుర్చీని తిరగేసి, బోర్లించి, చెవి ఆనించి వేళ్ళతో కొట్టి చూశాడు. "దీనికేం రోగం లేదు సార్. అసలు వాడినట్టే లేదు. కూర్చుంటేగా అరగడానికి!" అని తేల్చి, పరీక్ష చేసినందుకు నూట ఇరవైకి బిల్లు రాసిచ్చాడు. "బాగుచేయనిదానికి బిల్లేమిటయ్యా?" అని మేనేజరు దాన్ని పక్కన పడేశారు. వడ్రంగి పేచీకి దిగేవాడే. కానీ అతను వచ్చినప్పుడూ వెళ్ళబోయినప్పుడూ బాబాయిగారు లేచి నిలబడి కోటు బొత్తాం పెట్టుకోవడంతో, ఎవరిమీద అరవాలో తోచక వెళ్ళిపోయాడు.

ఇదే బాబాయిగారి ఏకైక లక్షణం. ఎవరొచ్చినా స్ప్రింగులా లేస్తారు, ఆఫీసులో ఆయనకి ఆ పేరు వచ్చింది అందుకే. పెద్దవాళ్ళొస్తే లేవాలని మనకి చిన్నప్పుడే నేర్పారు. లేవకుండా లేచినట్టు కనిపించడం మాత్రం ఉద్యోగంలో చేరాక మనంతట మనమే నేర్చుకున్నాం. నాలుగంగుళాలు పైకి లేచి, ఫైలు సర్దుకున్నట్టు నటించి, మళ్ళీ కూలబడతాం. బాబాయిగారికి ఆ నాలుగంగుళాల విద్య పట్టుబడలేదు. టీ తెచ్చే మనిషికి లేస్తారు. కొరియరు మనిషికి లేస్తారు. గొడుగు దులుపుకుంటూ వానలో తడిసి వచ్చినవాడికి కూడా "ఎండనపడి వచ్చారు" అనే అంటారు. ఒకసారి ఫోనులో రాంగ్ నంబరుకు లేచారు.

"రాంగ్ నంబరుకి కూడానా బాబాయిగారూ?" అన్నాను.

"దారితప్పి వచ్చాడమ్మాయ్. మిగతావాళ్ళకంటే ఎక్కువ దూరమే వచ్చి ఉంటాడు."

క్షవరశాలలో గడ్డం గీయించుకుంటూ, ఎవరో లోపలికి వచ్చారని లేచి నిలబడ్డారు. మర్నాడు సగం మీసంతో ఆఫీసుకు వచ్చారు. "మిగతా సగం కూడా తీయించెయ్యకపోయారా?" అంటే, "అదేం తప్పు చేసింది?" అన్నారు. సినిమాహాల్లో వరసలోకి ఎవరు వచ్చినా లేచేవారు. వెనకాలవాళ్ళు మూడు సినిమాలు ఓర్చుకుని, నాలుగోదానికి ఆయన్ని చివరి వరసలో గోడవారగా కూర్చోబెట్టారు. ఈ విషయంలో కష్టపడని మనిషి ఒక్క పిన్నిగారే.

"ఇంట్లో నేనొస్తే మాత్రం లేవరమ్మా," అంది ఆవిడ ఒకసారి మాతో. "అదేమిటంటే, 'నువ్వేమన్నా బయటదానివా?' అంటారు. అలాగని మా పక్కింటి పిల్లి వస్తే లేస్తారు."

మాది తూకపు యంత్రాల కంపెనీ. దుకాణాలకు కాటాలు అమ్ముతాం, చెడిపోతే బాగుచేస్తాం. బాగుచేసినవి మళ్ళీ చెడితే ఉత్తరాలు రాస్తాం. ఆ ఉత్తరాలు రాసేది బాబాయిగారు. అద్దం తలుపు పక్కన, నడవాకు ఎదురుగా, మొదటి బల్ల ఆయనది. సరిగ్గా ఆయన వీపు వెనక రెండో బల్ల నాది. కొటేషన్లు రాయడం నా పని. ఏడాది తర్వాత పనితీరు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఇంట్లో అక్క పిల్లలు, కవలలు, వంతులేసుకుని ఏడుస్తారు. ఒకడు పడుకునే వేళకి రెండోవాడు డ్యూటీ ఎక్కుతాడు. ఆ రెండు డ్యూటీల మధ్య నేను ఎమ్మే పరీక్షకు చదువుకోవాలి.

కనక మధ్యాహ్నం భోజనమయ్యాక నేను ఆఫీసులో నిద్రపోయేదాన్ని. ఇందులో నాకు గొప్ప నేర్పుండేది. కలం చేతిలో, చూపు కాగితం మీద, తల కొటేషను చదువుతున్నంత వంపులో. పైగా, మేనేజరు వచ్చే సరికి ఠక్కున మెలకువ వచ్చేసేది. పదకొండు నెలల్లో ఒక్కసారీ దొరకలేదు. నా ఒంట్లో ఎక్కడో అలారం ఉందని నమ్మేదాన్ని. అక్కతో గొప్పలు కూడా చెప్పుకున్నాను. నాకు ఒకే ఒక్క ఇబ్బంది, ముందు బల్లాయన అరుపులు. మధ్యాహ్నం పూట ఆ గొంతు రెట్టింపయ్యేది. భోజనం చేసిన బలం కాబోలు అనుకునేదాన్ని.

అక్క ఒకసారి పిల్లలిద్దర్నీ ఎత్తుకుని, తాళంచెవి కోసం ఆఫీసుకు వచ్చింది. బాబాయిగారు మూడుసార్లు లేచారు. అక్కకోసారి, పిల్లలకి తలా ఒకసారి. "చిన్నబాబుగారు కూడా ఎండనపడి వచ్చారు!" అనేసరికి వాళ్ళిద్దరూ పుట్టాక మొదటిసారి ఒకేసారి నోరు మూశారు. "రాత్రుళ్ళు వీళ్ళ గోల ఎలా ఉంటుందమ్మా?" అని అక్కని వివరంగా అడిగారు కూడా. ముసలాయనకి ఊసుపోక అడుగుతున్నాడనుకున్నాను.

మా మేనేజరుకు ప్రొఫెషనల్ ఇమేజ్ అని ఒక జ్వరం ఉండేది. గోడల నిండా "చిరునవ్వే మన యూనిఫాం" అని అట్టలు కట్టించారు. ఆ అట్ట కట్టినవాడు నిచ్చెన మీంచి జారినప్పుడు నవ్వొద్దని కూడా ఆయనే చెప్పారు. తర్వాత మాకు మర్యాదలు నేర్పడానికి ఒక శిక్షకురాల్ని తెచ్చారు. కరచాలనం ఎన్నిసార్లు ఊపాలి, విజిటింగ్ కార్డు ఏ చేత్తో ఇవ్వాలి, తుమ్మొస్తే ఏ దిక్కుకు తిరగాలి అని ఆవిడ రెండురోజులు చెప్పింది. ఆవిడ బోర్డు దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చినప్పుడల్లా బాబాయిగారు లేచారు.

"కూర్చోండి సార్, నేను ఎక్కడికీ వెళ్ళలేదు!"

"మీరు వెళ్ళకపోయినా వచ్చారుగా అమ్మా."

ఆవిడ ఆయన్ని ఒకరోజంతా లెక్కపెట్టింది. ఎనభైనాలుగు సార్లు. మేనేజరు కాలిక్యులేటరు తీశారు. ఒక్కో లేవడానికి, గావుకేకకి కలిపి ఇరవై సెకన్లు. రోజుకు ఇరవై ఎనిమిది నిమిషాలు. "అంటే ఏడాదికి పదిహేడు పనిదినాలు ఈయన గాల్లో ఉంటున్నాడు!" అని బల్ల గుద్దారు. బల్ల చప్పుడుకి బాబాయిగారు లేచారు.

చివర్లో పేరు రాయక్కర్లేని ఫారాలు పంచారు. "ఆఫీసు హుందాతనానికి భంగం కలిగిస్తున్నదేమిటి?" అని అందులో ప్రశ్న. "ముందు బల్లవారి కేకలు. మధ్యాహ్నం పూట ఏకాగ్రత చెడుతోంది" అని రాశాను. ఏకాగ్రత అంటే నిద్ర. ఎంత సిగ్గుమాలిన పని చేశానో ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు మాత్రం సంఘసేవ చేసినట్టే అనిపించింది.

మేనేజరుకు కావలసింది అదే. సోమవారం ఉత్తర్వు వచ్చింది. బాబాయిగారు ఇక లేవకూడదు, కేకలు వేయకూడదు. శుక్రవారం మధ్యాహ్నం డైరెక్టరుగారు తనిఖీకి వస్తున్నారు. ఆయన ముందు ఒక్కసారి లేచినా, ఒకటో తారీఖు నుంచి ఊరవతలి గోదాములో విరిగిన కాటాల మధ్య కూర్చోవాలి. అక్కడికి మనిషన్నవాడు రాడు. రిటైరవడానికి ఆయనకింకా నాలుగు నెలలుంది.

"గోదాములో లేచినా అడిగేవాడుండడు లెండి," అన్నాను ఓదార్పుగా.

"ఎవరికని లేవనమ్మాయ్, కాటాలకా?" అన్నారు. మొదటిసారి ఆ గొంతు చిన్నదిగా వినిపించింది.

ఆ వారం చూడాలి మా ఆఫీసు! బాబాయిగారు రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, బస్సు కుదుపులకు ఆపుకున్నట్టు ఆపుకుంటున్నారు. టీ మనిషి గ్లాసు పెట్టి కదలడు. "ఒంట్లో బాగాలేదా బాబాయ్? డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళనా?" కొరియరు మనిషైతే తనవల్ల ఏం తప్పు జరిగిందో చెప్పమని ప్రాధేయపడ్డాడు. కాటా చెడిపోయిన దుకాణదార్లు మామూలుగా తిట్టుకుంటూ వచ్చి, ఈయన లేవగానే సగం తిట్లు మర్చిపోయేవారు. ఈ వారం ఒక్క తిట్టూ మర్చిపోలేదు. కొన్ని కొత్తవి కూడా కలిపారు.

నన్ను విసిగించింది ఇంకొకటి. లేవడానికి లేని మనిషి, మధ్యాహ్నం పూట కుర్చీ వెనక్కి జరిపి నా బల్లని ఢామ్మని గుద్దడం మొదలుపెట్టారు. సోమవారం రెండుసార్లు, మంగళవారం మూడుసార్లు. బుధవారం నేను నా బల్లని రెండడుగులు వెనక్కి జరిపించేసుకున్నాను.

బాబాయిగారు వెనక్కి తిరిగి ఆ ఖాళీని దిగులుగా చూశారు. "ఎందుకమ్మాయ్ అంత దూరం?"

"గాలి బాగా ఆడుతుందండీ," అన్నాను.

శుక్రవారం వచ్చింది. ముందురోజు కవలలకు పళ్ళు రావడం మొదలైంది. ఇద్దరికీ ఒకేసారి. రెండింటికి నేను కలం పట్టుకున్నంతవరకే గుర్తుంది.

"ఆహా! డైరెక్టరుగారా! ఎండనపడి వచ్చారు, దయచేయండి!"

పైకప్పు ఎగిరిపోయిందేమో అనుకుని కళ్ళు తెరిచాను. అద్దం తలుపు దగ్గర డైరెక్టరుగారు. ఆయన పక్కన మేనేజరు, మొహం చెమటలు పట్టి. వాళ్ళకీ నాకూ మధ్య బాబాయిగారు నిలబడి ఉన్నారు, కోటు రెండువైపులా పరదాలా తెరిచిపెట్టుకుని. కుడిచెయ్యి ముందుకు చాచి ఆహ్వానిస్తోంది. ఎడమచెయ్యి మాత్రం వీపు వెనక ఉంది. అందులో రెండడుగుల చెక్క స్కేలు. దాని కొస నా మోచేతిని టకటకా పొడుస్తోంది.

నా ఒంట్లో అలారం ఎక్కడుందో అప్పుడు తెలిసింది. నా ఒంట్లో లేదు. నా ముందు బల్ల దగ్గరుంది.

"ఏమన్నారు మీరు?" డైరెక్టరుగారు బాబాయిగారిని చూసి ఆగిపోయారు.

మేనేజరు కల్పించుకున్నారు. "క్షమించండి సార్, ఈయనకి ఎంత చెప్పినా..."

"ఉండవయ్యా! ఎండనపడి వచ్చానని ఆయనకెలా తెలిసింది? కారు ఆ మలుపులో ఆగిపోయింది. ఇంతదూరం నడిచొచ్చాను. నీకు తెలుసా? నువ్వు నన్ను చూడగానే నీ రిపోర్టు గురించి మొదలెట్టావు!"

పాతికేళ్ళుగా వాననక, పైకప్పనక అంటున్న మాట ఆ ఒక్కరోజు అక్షరాలా నిజమైంది. హాల్లో ఖాళీగా ఉన్న కుర్చీ ఒక్కటే, లేచి నిలబడ్డ మనిషిది. డైరెక్టరుగారు అందులో హాయిగా కూలబడి, బాబాయిగారి మంచినీళ్ళు తాగి, "భలే కుర్చీ! కొత్తదా?" అన్నారు. వెళ్తూ వెళ్తూ, "ఈయన్ని ఈ తలుపు దగ్గరనుంచి కదపకండి" అని మేనేజరుకు చెప్పారు. గోదాము సంగతి అంతటితో సరి.

అందరూ వెళ్ళాక నేను బాబాయిగారి ముందు నిలబడ్డాను. అలవాటుగా ఆయన లేచారు.

"ఆ ఫారంలో రాసింది నేనేనండీ."

"తెలుసమ్మాయ్. ఉత్తర్వు ఇచ్చేటప్పుడు మేనేజరు ఆ ఫారం చూపించారు. కొటేషన్లలో పదకొండు నెలలుగా చూస్తున్న చేతిరాతేగా."

"తెలిసీ స్కేలుతో పొడిచారా?"

"నెమ్మదిగానే పొడిచానే!"

"ఒక్కసారి మందలిస్తే సరిపోయేదిగా?"

"కవలలున్న ఇంటిమనిషిని మందలిస్తే నిద్ర తీరుతుందా? ఇంకో నెలలో నీ ఉద్యోగం ఖాయమవుతుంది. అంతవరకు లాక్కొద్దామనుకున్నాను. ఐనా ఆ సీటు గాలే అంత. నీకు ముందున్నాయన తొమ్మిదేళ్ళు నవలలు చదివాడు. అంతకు ముందావిడ స్వెట్టర్లు అల్లేది. ఇదిగో, ఈ కోటు లోపలున్నది ఆవిడ అల్లిందే. మేనేజర్లకి మాత్రమే లేస్తే నలుగురూ కనిపెట్టేస్తారని అందరికీ లేవడం మొదలెట్టాను. తర్వాత అదే బాగుందనిపించింది."

నా మనసు ఊరుకోలేదు. సోమవారం మేనేజరు గదికి వెళ్ళి, ఫిర్యాదు నాదేనని, నిద్రా నాదేనని ఒప్పేసుకున్నాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆయన చేతిలో ఫైలు మూసేశారు.

"ఎన్నింటికి పడుకుంటారు?"

"రెండింటికండీ."

ఆయన గొంతు తగ్గించారు. "నాకూ అప్పుడే వస్తుంది. ఆపుకోవడానికే హాల్లో తిరుగుతాను. ఆయన కేకకి మత్తు వదిలేది. మొన్న ఆయన నోరు మూసుకున్న వారంలో రెండురోజులు నడవాలో గోడకానుకుని కునుకు తీశాను." అంటూ తలుపు వైపు చూసుకున్నారు. నా ఉద్యోగం ఖాయమైంది.

నాలుగు నెలల తర్వాత బాబాయిగారు రిటైరయ్యారు. వీడ్కోలు సభలో అందరం ఆయనకోసం లేచాం. నాలుగంగుళాలు కాదు, పూర్తిగా. ఆయన కంగారుపడి తనూ లేచారు. ఎవరు ముందు కూర్చోవాలో తేలక సభ అంతా నిలబడే జరిగింది.

ఇప్పుడు మొదటి బల్ల నాది. వెనక బల్లకి వచ్చిన కుర్రది మధ్యాహ్నం పూట చదరంగం ఆడుతుంది, తనతో తనే. నాకు కోటు లేదు గానీ గొంతుంది. చెక్క స్కేలు బాబాయిగారు ఇచ్చి వెళ్ళారు. నెలకోసారి వడ్రంగి వస్తాడు. నేను లేచి, "ఎండనపడి వచ్చారు, దయచేయండి!" అంటాను. అతను కూర్చుని, టీ తాగి, బాబాయిగారి క్షేమం అడిగి, వచ్చిన పని మర్చిపోయి వెళ్ళిపోతాడు. కుర్చీ చూసినందుకు అతనికి ఆఫీసు ఇవ్వాల్సిన నూట ఇరవై ఇంకా ఇవ్వలేదు.