నూనెకీ నూన్‌కీ మధ్య మా అత్తగారు

టాటానగర్ భుయ్యాడీహ్‌లో మా వరస ఆరిళ్లకూ ఆవకాయ ఒక్కటే, దాని మీద పెత్తనమూ ఒక్కరిదే: మా అత్తగారిది. కాయ ఎంచడం, ఉప్పు కొలవడం, రుచి తేల్చడం, అన్నీ ఆవిడే. సువర్ణరేఖ నది పొంగాలన్నా ముందు ఆవిడ మొహం చూసేదని నా అనుమానం. నోటి తుంపర పడితే బూజు పడుతుందని, కలిపేటప్పుడు ఎవరూ నోరు విప్పకూడదు.

నేను కాపురానికొచ్చిన తొలి వేసవి, యాభైల చివర. చెరువంత పళ్లెంలో ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు పడ్డాయి. ఘాటుకి అత్తగారు కళ్లు మూసుకుని, మోచేతుల దాకా దిగిపోయి కలుపుతున్నారు.

"నూనె. మొత్తం ఒంపీమ్మా."

పక్కనున్నది పొరుగింటి బీహారీ వదిన. వాళ్లింట్లో నూన్ అంటే ఉప్పు. మిగిలిన ఉప్పు కుండ ఎత్తి, ఆఖరి గల్లు దాకా భక్తిగా ఒంపేసింది. మిగతా ఐదుగురం చూశాం. ఐదుగురం పెదవులు బిగించాం. నా కనుగుడ్లు టాటానగర్ స్టేషను దాకా వెళ్లి తిరిగొచ్చాయి.

అత్తగారు కళ్లు తెరిచేసరికి నూనె జాడీ నిండుగా ఉంది. ముక్క నాలిక మీద పెట్టుకున్నారు. ఆరిళ్ల ఏడాది కూర సముద్రంలో కలిసిపోయింది.

"సూసి కూడా సెప్పనేదేటే?"

"మీరే నోరిప్పొద్దన్నారు గదత్తా."

"ఆప్‌నే నూన్ మాంగా, మైనే నూన్ దియా," అడిగిందే ఇచ్చానని తేల్చింది వదిన, దొరగారి ముందు సాక్ష్యం చెప్పినట్టు.

ముందు నవ్వింది అత్తగారే. తర్వాత ఆరిళ్ల పెంకులూ కదిలాయి.

పర్సుడీహ్ బజారులో ఉన్న కాయంతా మా ఇంటికి నడిచొచ్చింది. ఆ ఉప్పుకి సరిపడా ముక్కలు, పిండి, కారం కలిపి, ఈసారి నూనే పోశాం. ఆరిళ్లకు కావలసింది పన్నెండిళ్లకైంది. అయితే పద్ధతి మారింది. కలిపే చెయ్యి రుచి చూడదు, రుచి చూసే నాలిక కొలవదు, ఎవరైనా సరే, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని "ఆగు" అనొచ్చు.

ఒక్క మంచి మనిషి చేతిలో పెడితే దేశం బాగుపడుతుందని ఇప్పటికీ ఎవరో ఒకరు నాతో అంటారు. మా అత్తగారి కంటే మంచి చెయ్యి నేను చూడలేదు. పాడు చేసింది ఆ చెయ్యి కాదు. ఆవిడ మూసుకున్న కళ్లు, మేం మూసుకున్న నోళ్లు.

మరుసటేడు కలపడం నా వంతు, రుచి ఆవిడది. ఉప్పు గిన్నె ఎత్తానో లేదో, కొంగు చాటునుంచి వినిపించింది.

"ఆగు."

"ఇంకా ఎయ్యనేదత్తా."

"తెలుసు. ఆగు అంటే ఎలాగుంటాదో అని అన్నాను."

ఆ రోజు ఇంకో పదకొండుసార్లు అన్నారు.