కట్ట కింద గాజుగ్లాసు

మొన్న మా అపార్ట్‌మెంటు కుళాయిలో ఎర్రనీళ్లు వచ్చాయి. పైపులు బాగుచేశారట, అరగంటలో సర్దుకుంటుందని వాచ్‌మన్ చెప్పాడు గానీ, గాజుగ్లాసులో పట్టి కిటికీ వెలుగుకి ఎత్తి చూశాను, పారబోసి మళ్లీ పట్టి చూశాను. ఈ వయసులో నీళ్లు చూసి భయమేమిటని నా ఈడువాళ్లు నవ్వుకోవచ్చు. చెరువుకట్ట కింద కాపురం చేసి ఉంటే నవ్వరు.

ఆవిరి ఇంజన్లు ఇంకా పూర్తిగా మూలపడని ఎనభైల నాటి మాట. మా ఆయన ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు. రైల్వే క్వార్టరు రాక, మలంచా బస్తీ దాటాక పల్లంలో ఓ పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నాం. ఇంటి వెనకే ఓ ముసలి బెంగాలీ ఆసామికి తాతలనాటి మట్టికట్ట, దాని వెనక ఆయన పొలాలకు వదిలే నీళ్లు, ఆ నీళ్లలో ఆయన చేపలు. ఆ వర్షాకాలం కట్ట అడుగున బొటనవేలంత ఊట మొదలైంది. నీళ్లు కొంచెం వదిలెయ్యమని వెళ్లి అడిగితే, చేపలు కొట్టుకుపోతాయని, "కిచ్చు హొబే నా", అంటే ఏమీ కాదని, తలుపేసుకున్నాడు.

పక్షవాతంతో మంచం పట్టిన మా అత్తగారు శ్రీకాకుళం వైపు రైతుబిడ్డ. ఊట తేటగా ఉన్నంతకాలం పరవాలేదు, మట్టి కలిసిందంటే కట్ట లోపల కరుగుతున్నట్టే అని ఆవిడ లెక్క. రోజూ పొద్దున్నే నేను గ్లాసుతో ఊటనీరు పట్టి చూసి రావాలి, ఆవిడ మంచం మీంచి "నీరు తేటగుందేటే అమ్మీ?" అని అడగాలి. తేటగానే ఉందనేదాకా ఆవిడకి కాఫీ సయించేది కాదు, నాకు వేరే పని తోచేది కాదు.

ఇంతలో మా ఆయనా, వర్క్‌షాపు స్నేహితులూ ఓ ఆదివారం పూనుకుని ఆ కన్నంలో మాడుబొగ్గు కూరారు. ఇంజన్లలోంచి లాగి పారబోసే ఆ మాడుబొగ్గు మా రైల్వేవాళ్లకి సర్వరోగ నివారిణి. పెరట్లో గుంటకీ అదే, గుమ్మం ముందు బాటకీ అదే. మర్నాడు ఊట ఆగలేదు సరికదా, నల్లగా వచ్చింది. ఆ నలుపులో మట్టి ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది? మా ఆయన అంత సంబరంగా చేసిన పనిని తప్పనడానికి నోరు రాక, ఆవిడని బెదరగొట్టడం ఇష్టం లేక, రెండు రోజులు తేటగానే ఉందని చెప్పాను. లేచి పరిగెత్తలేని మనిషికి అబద్ధం చెబుతున్నానని నాకు తెలుసు.

మూడో రోజు ఆవిడ నా మొహంలోకి చూసి "గలాసు ఇలా తే" అంది. చూసి కొడుకుని కేకేసింది. "మన కళ్లు మనమే పొడుసుకున్నట్టయినాదిరా! తీయండి ఆ బొగ్గు, ఎనకాలేటుందో సూడండి." తీస్తే ఎర్రటి బురదనీరు ఉబికింది. ఆవిడని నులకమంచంతో సహా నలుగురు భుజాలకెత్తుకుంటే, నేను ఇరుగుపొరుగు తలుపులు బాదుకుంటూ వెళ్లాను. అందరం మెరక మీదున్న రైల్వే కాలనీ, న్యూ సెటిల్‌మెంట్‌లో మా ఆడపడుచు క్వార్టరు చేరాం. సాయంత్రానికి కట్ట తెగింది. మనుషులకేమీ కాలేదు, ఆవిడ మంచం ఆనుకున్న గోడ మాత్రం లేదు.

ఆ తర్వాత ఆవిడ పోయేదాకా, నేను పాలు కాగాయన్నా, మందు తెచ్చానన్నా, "సూపించు" అనేది.

ఇప్పుడక్కడ కట్టా లేదు, చెరువూ లేదు, అన్నీ మేడలే. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, వాటిని ఏది ఆపుతోందో అడిగేవాళ్లూ లేరు. మొన్న కాసేపటికి మా కోడలు వచ్చి, "నీళ్లు తేటపడ్డాయా అత్తయ్యా?" అంది. నిజంగానే తేటపడ్డాయి, అదే చెప్పాను. చూడకుండానే నమ్మేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు భయం వేసింది. చూడమని చెప్పడానికి గ్లాసు పట్టుకుని తన వెనకే వెళ్లాను.