శత్రువు రాని బురుజు

అక్టోబరు చలిలో సాసేజ్‌లు కాలుతున్న వాసన తగిలితే చాలు, మా ఊరి బురుజు గుర్తొస్తుంది నాకు. నిన్న సాయంత్రం కూడా ఆ వాసన వచ్చింది, కాకపోతే ఈసారి ఒళ్ళు మండింది.

ఇంగ్లండుది కాదు, కెనడాలో ఉన్న లండన్‌కి గంట దూరంలో ఈ చిన్న ఊరు కట్టుకున్న జర్మన్లు, వదిలి వచ్చిన ఊళ్ళోని కాపలా బురుజులాంటిదే ఇక్కడా రాళ్ళతో లేపారు. అక్కడిది గుర్రాల మీద వచ్చే శత్రువుల్ని చూడటానికట. ఇక్కడ మొక్కజొన్న చేలు తప్ప ఏమున్నాయని? ఎప్పుడైనా గడ్డివాము అంటుకుంటే పైనున్నవాడు బాకా ఊదేవాడట, ఫోన్లు వచ్చాక ఆ పనీ పోయింది, మా చిన్నతనానికి పావురాలు మిగిలాయి.

కరీంనగర్ వైపు మా అమ్మ పుట్టిన ఊళ్ళోనూ బురుజుంది. అందుకే నాన్న ఉద్యోగం కోసం అమెరికా నుంచి ఇక్కడికి మారిన ఏడే, అమ్మ బతుకమ్మతో నేరుగా దాని కిందికి వెళ్ళింది. తంగేడు దొరకదు గనక రోడ్డు పక్కన పచ్చగా విరగబూసిన గోల్డెన్‌రాడ్ పూలు, ఊదారంగు ఆస్టర్లు, పెరటి బంతులు పేర్చేది; చీర మీద స్వెట్టర్, దానిమీద జాకెట్ వేసుకున్న నాలుగిళ్ళ ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, వేళ్ళు కొంకర్లు పోతున్నా మేం పిల్లలం మలీద ముద్దలూ సత్తుపిండీ, పక్కనే జర్మన్ల పండుగలో కొన్న వేడి ప్రెట్జెల్ రొట్టెలూ కలిపి తినేవాళ్ళం. బురుజు తాళాలు చూసుకునే జర్మన్ ముసలావిడ అడ్డు చెప్పకపోగా తన తోట పూలు తెచ్చిచ్చేది. ఆ నాలుగిళ్ళలో భయపడి చచ్చింది ప్రసాద్ అంకుల్ ఒక్కడే. భార్య ఆడుతున్నా కారు దిగేవాడు కాదు, "ఎవరన్నా కంప్లైంట్ ఇస్తే మన పీఆర్ పోద్ది, ఈ దేశంలో ఉండనివ్వరు" అని అద్దం దించి అరిచేవాడు.

అలాంటి మనిషి ఇప్పుడు బురుజు కమిటీ మెంబరు, జర్మన్ల పండుగకి ఈక గుచ్చిన టోపీ పెట్టుకుని తిరుగుతాడు. ఊళ్ళో కాలేజీ నిండా, అద్దె బేస్‌మెంట్ల నిండా చదువుకోవడానికొచ్చిన మన పిల్లలే. వాళ్ళలో శ్రావణి అని వరంగల్ అమ్మాయి, ఇంటికి దూరంగా మొదటి బతుకమ్మ, నిన్న స్నేహితురాళ్ళతో పూలు పేర్చుకుని అమ్మతో ఆడటానికి వచ్చింది. అంకుల్ గేటు దగ్గరే ఆపాడు.

"ఒక్క గంట ఆడుకుంటం అంకుల్, పూలన్నీ మేమే ఎత్తుకపోతం."

"ఇది హెరిటేజ్ ప్రాపర్టీ అమ్మా. మీ స్టూడెంట్స్ మరీ ఎక్కువైపోయారు, ఊళ్ళోవాళ్ళేమనుకుంటారు?"

ఊళ్ళోవాళ్ళు ఏమీ అనుకోలేదు, ఫొటోలు తీద్దామని ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. శ్రావణి కళ్ళనిండా నీళ్ళు. అమ్మ ఆయన మొహం కూడా చూడలేదు, తన బతుకమ్మనెత్తుకుని "పా బిడ్డా, పోదాం" అంది. గ్రోసరీ స్టోర్ వెనక పార్కింగ్‌లో ఆడుకున్నారు.

ముసలావిడ పోయింది, పావురాల్ని తరిమేశారు, అమ్మ పాట కూడా అక్కడ ఆగిపోయింది. కట్టిన దగ్గర్నుంచీ ఆ బురుజు ఎవర్నీ వెళ్ళగొట్టలేదు. వెళ్ళగొట్టడానికి మనవాడే రావాల్సి వచ్చింది.