నీళ్లొచ్చినాయి, పోవాల

మా ఎదురింటి అత్తను నేను ఏనాడూ నమ్మలేదు. కోయంబత్తూరులో మా లైనిళ్లకు కుళాయి ఒకటే, అది మా గుమ్మం పక్కనే. ఖాళీ బిందె మీద వేళ్లతో తాళం వేస్తూ ఆమె అక్కడే నిలబడేది. లోపల నేను గిటార్ మీద ఒకే పాట దగ్గర చిక్కుకుని, దాన్నే అరగదీస్తుండేవాణ్ణి. ఓనరుకు చెప్పడానికే వింటోందని నా అనుమానం.

ఒకరోజు అడిగింది. “ఏం కణ్ణు, దినమూ అదేనా? మా అవ్వ పాటొకటి ఉండాది, వాయిస్తావా?”

తెలుగులో రెండు వరుసలు పాడి ఆపేసింది.

“మిగతాది అత్తా?”

“నీళ్లొచ్చినాయి, పోవాల.”

కుళాయి పొడిగానే ఉంది.

తర్వాత పాడిన అవ్వ పాటలన్నీ అంతే, సగంలో నీళ్లొచ్చేవి. కావాలనే దాచుకుంటోందని ఒళ్లు మండేది. ఆ మంటతోనే మిగతా సగాన్ని తీగల మీద నేనే వెతుక్కున్నాను. నెలలుగా మొరాయించిన వేళ్లు కదిలాయి.

ఆమె పోయాక, ఆ అవ్వ పాటలు ఆమెకు పూర్తిగా వచ్చేవా అని కూతురిని అడిగాను.

“అమ్మకా? మమ్మల్ని నిదర పుచ్చేకి తాలాట్టు కూడా పాడలే. అవ్వ పాటలంటావేంది, అమ్మ పుట్టకముందే వాళ్ల అవ్వలిద్దరూ పోయినారు కదా.”